తల ఊపింది

కంఠసర్పి.
ఎనిమిదో తరగతిలో రెండు మార్కుల ప్రశ్న అది.
మడకశిర హైస్కూల్లో, కిటికీ పక్క బెంచీలో కూర్చుని
"టీకా వలన నివారించవచ్చును" అని రాసి
రెండుకు రెండూ తెచ్చుకున్నాను.
ఇరవై రెండేళ్ల తర్వాత, బెంగళూరులో,
నైట్ డ్యూటీ టార్చి వెలుతురులో
ఆ మాటలోని పామును చూశాను.
నాలుగేళ్ల గొంతులో బూడిదరంగు పొర,
గీకబోతే నెత్తురు,
చెవుల కిందినుంచి మెడంతా వాపు.

వాడు బతికాడు. పేరు కురుమూర్తి.
నేను చెప్పాలనుకున్నది వాడి గురించి కాదు.
అంతకుముందు నెల
అదే ఆరో నంబరు మంచం మీదున్న వైశాలి గురించి.

జ్వరం దిగింది. పొర ఊడింది.
తొమ్మిదో రోజు ఇడ్లీ తిని
స్టాండుకు వేలాడే సెలైన్ సీసాను చూసి నవ్వింది.
ఈ జబ్బులో నవ్వు వచ్చాకే గుండెకు గండం.
మంచం దిగనివ్వకూడదు.
చెప్పాను వాళ్లమ్మకు. చెప్పానంటే,
ట్రేలో సూదులు లెక్కపెట్టుకుంటూ,
రోజంతా అలవాటైన కన్నడంలో,
"మగూన ఎబ్బిస్‌బేడి" అన్నాను.
ఆమె తల ఊపింది.
నేను ఏడో మంచానికి వెళ్లిపోయాను.

ఆరో మంచం నుంచి బాత్రూం తలుపుకు
పంతొమ్మిది అడుగులు.
తల్లి చెయ్యి పట్టుకుని, జడ ఊపుకుంటూ,
వైశాలి పదకొండు నడిచింది.

అప్పుడు విన్నాను మొగులమ్మ గొంతు.
"నా బిడ్డా, జర లేవ్వే" అంటోంది.
ఆ ఏడుపు తెలుగు.
తొమ్మిది రోజులు నా ముందు తల ఊపిన మనిషిది
నా తెలుగు.

కేసు షీట్లో వయసుకు గడి ఉంది,
బరువుకు ఉంది, మతానికీ ఉంది.
ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో రాయడానికి లేదు.
గోడమీద రాస్తానంటే హెడ్ సిస్టర్ ఫిలోమినా వద్దంది.
సెలైన్ డబ్బా అట్ట చించాను.
ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు,
కింద ఫార్మసీ సెల్వి చేత తమిళం.
చదువు రానివాళ్లకు, పడుకున్న పిల్ల బొమ్మ.
నా బొమ్మ చూసి
అది బల్లి కదా సిస్టర్ అని వార్డు బాయ్ నవ్వాడు.

కురుమూర్తి వచ్చింది ఆ అట్ట కిందికే.
వాళ్లమ్మ మణెమ్మ రేకు డబ్బా విప్పి
చీర మడతలోంచి టీకా కార్డు తీసింది.
కోస్గిలో వేసిన ముద్ర ఒకటి. తర్వాత నాలుగు గడులు తెల్లగా.
సర్జాపుర రోడ్డులో పునాదికి ఒకటి తప్పింది,
హెణ్ణూరులో స్లాబుకు ఇంకొకటి.
"ఏ ఊర్లెయ్యాల్నో, ఎవర్నడగాల్నో
మేస్త్రీకి గూడ ఎర్క లేదు సిస్టరూ."

తిట్టబోయిన నోరు
తెల్లగడుల దగ్గర ఆగింది.
స్టూలు లాక్కుని కూర్చున్నాను, ట్రే కింద పెట్టి.
మొత్తం చెప్పాను. తల ఊపింది.
"ఊపొద్దక్కా. నేనేం చెప్పానో నాకు చెప్పు."
కొంగు నోటికడ్డం పెట్టుకుంది, తర్వాత తీసింది.
"గుండె ఇంక పచ్చిగున్నది.
సారు చెప్పేదాంక మంచం దిగనియ్యొద్దు.
ఒంటికొచ్చినా డబ్బాలనే.
ఏడిస్తె ఏడ్వనీ."
రోజూ పొద్దున అడిగాను. రోజూ చెప్పింది.
ఒకరోజు విసుక్కుని చెప్పింది.

పంపించే రోజున వాడి పాలు ఇంకా
ముక్కులోంచి కొంచెం వస్తున్నాయి,
మాట కూడా ముక్కులోంచే.
మెల్లగా తగ్గుతుందన్నారు డాక్టరు.
తెల్లగడులు నింపే తేదీలు రాసిచ్చాను,
ఏ బిల్డింగు దగ్గరున్నా ఎక్కడ అడగాలో కూడా.
చెప్పించుకున్నాను.
వాడు మంచం దిగాడు.
పన్నెండో అడుగు దాకా నేను ఊపిరి తీసుకోలేదు.

ఈ రాత్రి ఆరో మంచం మీద
ఒడిశా నుంచి వచ్చిన పాప.
తల్లి ముందే తల ఊపుతోంది,
నేనింకా నోరు విప్పలేదు.
గేటు దగ్గరి సెక్యూరిటీ ప్రధాన్ అక్కడివాడేనట,
పిలిపించాను. బూట్లు విప్పి
టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.
అట్టమీద అడుగున ఇంకా కాస్త జాగా ఉంది.
"చెప్పన్నా,
లేపొద్దు అనడానికి మీ ఇంట్లో ఏమంటారు?"